రాత్రి ఎనిమిదిన్నర కాల్: బెంగళూరు టీముల్లో వెసులుబాటు లెక్క

బెంగళూరులో ఉద్యోగం మారేవాళ్లు జీతం తేలాక అడిగే మొదటి ప్రశ్న, "వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలి?" రెండంటే మొహం వెలుగుతుంది, నాలుగంటే పాలిపోతుంది. అడగాల్సిన ప్రశ్నే. దాని పక్కనే ఇంకొకటి కూడా అడగాలి: "రాత్రి 7 దాటాక వారానికి ఎన్ని కాల్స్ ఉంటాయి?" టీములో సగం మంది కాలిఫోర్నియాలో ఉండే ప్రాడక్ట్ కంపెనీలో ఆఫీసుకి వెళ్లిన రోజుకన్నా ఇంట్లో కూర్చున్న రోజే పొడుగు. ఆఫీసు రోజున ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ఇరుక్కున్న గంటన్నర పాటైనా ఎవరూ పని అడగరు. ఇంటి రోజున పొద్దున 9కి తెరిచిన లాప్‌టాప్ రాత్రి 10:30కి మూస్తారు. మధ్యలో కూరగాయలు తరిగి ఉంటారు, పిల్లను స్కూలు బస్సు దగ్గర్నుంచి తెచ్చి ఉంటారు, కానీ "ఇప్పుడు నాకు పని లేదు" అనుకున్న గంట ఒక్కటీ ఉండదు.

బాగా నడిచే కంపెనీల్లో ఇది మరీ చప్పుడు లేకుండా జరుగుతుంది. అక్కడ ఎవరూ గద్దించరు. అందరూ తెలివైనవాళ్లే, అందరికీ పని మీద ఇష్టమే, పక్కవాడు రాత్రి 11కి కోడ్ పంపితే మన చెయ్యీ ఊరుకోదు. పైగా దున్నే ఎద్దునే పొడుస్తారు కదా, బాగా చేసేవాళ్ల మీదకే ఇంకో పని వచ్చి పడుతుంది. అందుకే పాలసీ కాగితం చదివితే వెసులుబాటు ఎంతుందో తెలియదు. క్యాలెండర్ తెరిచి చూడాలి.

చూడటానికి యాప్‌లేవీ అక్కర్లేదు. రెండు వారాలు, అంటే పది పనిదినాలు, ఒక షీటులో రోజుకి నాలుగు అంకెలు రాసుకుంటే చాలు. పొద్దున మొదటి ఆఫీసు మెసేజ్ చూసిన సమయం. రాత్రి ఆఖరిది చూసిన సమయం. 7 తర్వాత జరిగిన కాల్స్. ఇక నాలుగోది, పగటిపూట ఎవరూ కదిలించకుండా దొరికిన అతి పొడుగు సమయం, నిమిషాల్లో. ఒక వరుస ఇలా ఉండవచ్చు: "బుధవారం, ఇల్లు, 9:10, రాత్రి 10:50, 2 కాల్స్, 35 నిమిషాలు." మొదటి రెండు అంకెల మధ్య దూరం 13 గంటల 40 నిమిషాలు. అందరి కళ్లూ దాని మీదే పడతాయి. అసలు రోగం చివరి 35లో ఉంది. పగలంతా ముప్పై నిమిషాల ముక్కలుగా తెగిపోతే, తలపెట్టి చేయాల్సిన పని రాత్రికి జరుగుతుంది. రాత్రి పని తగ్గించుకోవాలని శపథాలు చేసేవాళ్లలో చాలామంది పగటి ముక్కలను ముట్టుకోరు. అందుకే మూడో రోజుకి మళ్లీ మొదటికొస్తారు.

నా కొలతలు ఇవి: పది రోజుల్లో మూడుకన్నా ఎక్కువ రోజులు ఆ దూరం 11 గంటలు దాటితే, లేదా రాత్రి కాల్స్ వారానికి రెండు మించితే, లేదా నాలుగో అంకె సగటున 90 నిమిషాలకు తగ్గితే, మార్చాల్సింది మనిషిని కాదు, టీము పద్ధతిని. ఇది సుకుమారుల గోల అనుకునేవాళ్లు ఒక సంగతి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెలువరించాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేల్చారు. 55 అంటే ఐదు రోజుల వారంలో రోజుకి 11 గంటలు. ఓఆర్ఆర్ టీముల్లో అది విడ్డూరమేమీ కాదు.

ఇక రాత్రి కాల్ సంగతి. దీని లెక్క సరిగ్గా తెలియక పోగొట్టుకునే సాయంత్రాలే ఎక్కువ.

మన గడియారం ఏడాది పొడవునా కదలదు. అమెరికా, బ్రిటన్ గడియారాలు ఏటా రెండుసార్లు కదులుతాయి. కాలిఫోర్నియాలో పొద్దున 8 అంటే చలికాలంలో మనకు రాత్రి 9:30, వేసవిలో 8:30. లండన్‌లో మధ్యాహ్నం 3 అంటే చలికాలంలో మనకు రాత్రి 8:30, వేసవిలో 7:30. చలికాలమంతా లండన్ కాల్ 8:30కి, కాలిఫోర్నియా కాల్ 9:30కి పెట్టుకుని సర్దుకుపోతున్నారనుకోండి. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం కదులుతుంది, బ్రిటన్‌ది మార్చి ఆఖరి ఆదివారం. 2026లో అవి మార్చి 8, మార్చి 29. ఆ మధ్య మూడు వారాల పాటు కాలిఫోర్నియా కాల్ 8:30కి దిగివస్తుంది, లండన్ కాల్ 8:30లోనే ఉంటుంది. రెండూ ఢీకొంటాయి. 2026 ఉగాది మార్చి 19, సరిగ్గా ఆ నడుమ. అక్టోబరు ఆఖరులోనూ ఒక వారం ఇదే తంతు: బ్రిటన్ అక్టోబరు 25న వెనక్కి జరుగుతుంది, అమెరికా నవంబరు 1న.

దీనికి మందు చిన్నదే. ఏ మీటింగ్ అయినా క్యాలెండర్‌లో ఏదో ఒక ఊరి కాలమానానికి కట్టి ఉంటుంది. సాధారణంగా ఎవరు సృష్టించారో వాళ్ల ఊరికి. కాలిఫోర్నియా మేనేజర్ పెట్టిన మీటింగ్ అయితే మార్చి, నవంబరుల్లో కదిలేది మన సాయంత్రం, వాళ్ల పొద్దు కాదు. ఎప్పుడూ జరిగే మీటింగ్‌లను బెంగళూరు కాలమానానికి కట్టి, రాత్రి 8:30 అని ఏడాదంతా ఖాయం చేయమని అడగండి. అప్పుడు వాళ్లకు వేసవిలో పొద్దున 8, చలికాలంలో 7. ఏడంటే మరీ పొద్దున్నే అంటారు. రాత్రి తొమ్మిదిన్నర మరీ రాత్రి అని మనం ఎప్పుడన్నా అన్నామా? ఇంకా న్యాయమైన పద్ధతి వారం మార్చి వారం వంతు. మన పొద్దున 7:30 అంటే వాళ్లకు చలికాలంలో ముందురోజు సాయంత్రం 6, వేసవిలో 7. ఒక వారం మన రాత్రి, ఒక వారం వాళ్ల సాయంత్రం. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో 7:30 కూడా సుఖం కాదు. అందుకే ఈ వంతు టీములో ఎవరెవరికి కుదురుతుందో అడిగి తేల్చాలి, మేనేజర్ ఊహించి కాదు.

ఎంత చేసినా కొన్ని రాత్రి కాల్స్ తప్పవు. తప్పనివాటిని వారమంతా చల్లకుండా రెండు రాత్రులకు కుదించాలి. మంగళ, గురువారాలు మంచివి. శుక్రవారం వద్దు. ఆ రాత్రి సగం టీము మడివాళలోనో మారతహళ్ళిలోనో సంచి పట్టుకుని కర్నూలు బస్సు కోసం నిలబడి ఉంటుంది, బస్సులో చెవిలో ఇయర్‌ఫోన్‌తో తీసుకున్న నిర్ణయాలు సోమవారం ఎవరికీ గుర్తుండవు. సోమవారం రాత్రీ వద్దు, అది వాళ్ల వారంలో మొదటి పొద్దు, వాళ్లింకా మెయిళ్లే తెరిచి ఉండరు. మంగళ, గురు కాల్స్‌కి జతగా బుధ, శుక్రవారాలు పొద్దున 11 దాకా క్యాలెండర్‌లో ప్రతి వారం వచ్చే బ్లాక్ పెట్టుకోవాలి. "రాత్రి లేటయింది కాబట్టి రేపు నిదానంగా వస్తా" అని ప్రతిసారీ అడిగే పద్ధతి నిలవదు. రెండోసారికి మొహమాటం, మూడోసారికి అడగడమే మానేస్తారు.

ఇంకో రెండు విషయాలు అమెరికా టీములతో కొత్తగా కలిసేవాళ్లకు తట్టవు. మన సోమవారం పగలు వాళ్లకు ఇంకా ఆదివారం రాత్రే. వారం మొత్తంలో పింగులు లేని ఏకైక పగలు అదే. దాన్ని లోకల్ మీటింగ్‌లతో నింపడం బంగారం లాంటి చేనులో గడ్డి పెంచడమే. మన శనివారం పొద్దున వచ్చే మెసేజులేమో వాళ్ల శుక్రవారం సాయంత్రంవి. ఇంటికెళ్లే ముందు బల్ల ఖాళీ చేసుకుంటున్నారంతే, అందులో తొందరేమీ లేదు. సోమవారం జవాబిచ్చినా వాళ్లకు అది ఆదివారం రాత్రికే చేరుతుంది.

రాత్రి కాల్‌కి టీమంతా రానక్కర్లేదు. వంతు ప్రకారం ఒకరో ఇద్దరో చాలు. అది కుదరాలంటే మిగతావాళ్లు సాయంత్రం 6కి లాప్‌టాప్ మూసేముందు ఐదు నిమిషాలు పెట్టి ఒక అప్పగింత నోట్ రాయాలి. ఇంగ్లిష్‌లోనే రాస్తారు గానీ సారం ఇలా ఉండాలి:

"పేమెంట్ రీట్రై మార్పు రివ్యూకి సిద్ధం. టెస్టులు 2 ఫెయిలవుతున్నాయి, రెండూ టైమ్‌అవుట్ విలువ వల్లే. కావలసిన నిర్ణయం: టైమ్‌అవుట్ 5 సెకన్లా, 10 సెకన్లా? జవాబు రాకపోతే రేపు పొద్దున 11కి 5తోనే ముందుకెళ్తాను."

పని ఎక్కడుంది, ఎక్కడ ఆగింది, ఏ నిర్ణయం కావాలి, జవాబు రాకపోతే ఏం చేస్తాను. నాలుగే ముక్కలు. ఆఖరి ముక్క రాయనివాళ్లే ఎక్కువ, కాల్స్ పుట్టేది అక్కడే. అది లేకపోతే ఒక్కో సందేహానికి ఒక పూర్తి రోజు పోతుంది. వాళ్లు నిద్రలేచి అడుగుతారు, మనం పడుకుని ఉంటాం, మనం జవాబిచ్చేసరికి వాళ్లు పడుకుంటారు. రెండుసార్లు ఇలా జరిగితే ఎవరో ఒకరు విసుగొచ్చి "15 నిమిషాల కాల్ పెట్టుకుందామా" అంటారు. ఆ పదిహేను నిమిషాలు ప్రతి వారం వచ్చే మీటింగ్‌గా మారడానికి నెల పట్టదు. "ఒకసారి చూసి చెప్పగలరా" అని రాసి లింకు పడేసే నోట్లు మరీ దండగ. ఏం చూడాలో, ఏం చెప్పాలో అవతలివాడికి తెలియదు.

మెసేజులకు జవాబు ఎంతసేపట్లో ఇవ్వాలన్నది టీము ఒక్కసారి రాసి పెట్టుకుంటే సగం ఆందోళన పోతుంది. నేను సిఫారసు చేసేది: ఛానెల్‌లో రాసినదానికి ఆ పనిదినం ముగిసేలోగా, పేరు పెట్టి పిలిస్తే 4 పని గంటల్లో, ఫోన్ చేస్తే వెంటనే. ఫోన్ మాత్రం సర్వీసు పడిపోయినప్పుడు, కస్టమర్ డబ్బు ఇరుక్కున్నప్పుడు, రిలీజ్ వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడే. ఇది చెడిపోయే తీరు ఎప్పుడూ ఒకటే: "అర్జెంటు" అన్న మాట మెల్లగా సాగుతుంది. డైరెక్టర్ అడిగిన స్లైడు కూడా అర్జెంటే అవుతుంది. కాబట్టి నెలకోసారి వచ్చిన ఫోన్లన్నీ రాసి చూసుకోవాలి. పై మూడింటిలోకి రానివి సగం దాటితే ఆ నియమం గోడ మీది కాగితమే. మేనేజర్లకు ఒక మాట: రాత్రి 11కి తోచింది రాసుకోండి, పంపడం మాత్రం పొద్దున 9:30కి షెడ్యూల్ చేయండి. స్లాక్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ ఆ సదుపాయం ఉంది. "తొందరేం లేదు, రేపు చూడు" అని రాత్రి పంపడం వల్ల లాభం లేదు. చదివినవాడికి నిద్ర అప్పటికే పోయింది.

ఆన్‌కాల్ గురించి, అంటే సర్వీసు పాడైతే ఏ వేళైనా లేచి చూసే వంతు గురించి క్లుప్తంగా. నలుగురి టీములో నాలుగు వారాలకొకసారి వంతు వస్తుంది, ఒకరు సెలవు పెడితే మూడుకొకసారి. అది నెగ్గదు. ఒకే ఊళ్లో ఉన్న టీము ఇరవై నాలుగు గంటలూ చూడాలంటే కనీసం 8 మంది, 12 గంటల షిఫ్టులో రెండుకు మించని సంఘటనలు అన్నది గూగుల్‌లో సర్వీసులు పడిపోకుండా చూసే ఎస్‌ఆర్‌ఈ టీములు ప్రచారంలోకి తెచ్చిన లెక్క. అంతమంది లేకపోతే పక్క టీముతో కలిపి వంతులు వేసుకోండి, లేదా రాత్రి మోగే అలర్ట్‌లు తగ్గించండి. రెండోదే చవక. నెలలో రాత్రి 11-6 మధ్య మోగినవన్నీ తీసి, "లేచి ఏం చేశాం" అని ఒక్కోదాని పక్కన రాయండి. "చూసి పడుకున్నాం" అని రాసినవన్నీ పొద్దున్నే చూసుకోదగ్గవే, వాటిని రాత్రి మోగకుండా ఆపేయాలి. కాంప్ ఆఫ్ (అదనపు పనికి బదులుగా వచ్చే సెలవు) అయితే వచ్చే ఏడు రోజుల్లోనే వాడేయాలి. దాచుకున్న కాంప్ ఆఫ్ అటకెక్కిన ఇత్తడి బిందె లాంటిది, ఉందని తెలుసు, దింపేవాడుండడు.

ఇన్ని చెప్పినా, రాత్రి పనికి మూలం చాలాసార్లు ఇవేవీ కావు. ప్లానింగ్‌లో ఒప్పుకున్న పనే. ఆరుగురి టీము, రెండు వారాల స్ప్రింట్ (ఒక విడత పని): చేతిలో 60 పనిదినాలు. ఒకరు ఆన్‌కాల్, 10 తీసేయండి. సెలవులు ఒక 4. మిగిలింది 46. స్టాండప్‌లు (రోజువారీ చిన్న మీటింగ్‌లు), కోడ్ రివ్యూలు, ఇంటర్వ్యూలు, మేనేజర్‌తో విడి మాటలు కలిపి నాలుగో వంతు తినేస్తాయి: 34 చిల్లర. అనుకోకుండా వచ్చే బగ్గులు, కస్టమర్ గొడవలు ఐదో వంతు: దాదాపు 28. అంటే 60 అనుకున్నది సగానికి కూడా రాలేదు. "మనం జాగ్రత్తపరులం, 60కి 45 మాత్రమే ఒప్పుకుంటాం" అని భుజం తట్టుకునే టీము నిజానికి 17 రోజులు అప్పు చేసింది. ఆరుగురికి పంచితే తలా మూడు రోజులకు కాస్త తక్కువ. రాత్రికి రెండుంబావు గంటల చొప్పున పది రాత్రులు పనిచేస్తే ఆ అప్పు తీరుతుంది. షీటులో కనిపించిన 10:50 ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

మీ టీము నిష్పత్తులు వేరే ఉండవచ్చు. గత మూడు స్ప్రింట్లలో ఒప్పుకున్నది ఎంత, రాత్రులు, శనాదివారాలు తీసేస్తే పూర్తయింది ఎంత అని చూడండి. ఆ రెండోదే మీ అసలు సామర్థ్యం. పై స్థాయి నుంచి "ఇది కూడా తీసుకోగలరా" అని వచ్చినప్పుడు కుదరదు అనడం కష్టం. "తీసుకుంటాం, దీని బదులు ఏది ఆపాలి?" అని అడగడం అంత కష్టం కాదు. అడిగి ఊరుకోకుండా ఆ జవాబును ఆ పని నమోదైన టికెట్ మీదే రాయించుకోవాలి.

ఆఫీసు రోజుల గురించి అందరూ మాట్లాడేదే కాబట్టి తక్కువ చెప్తాను. మంగళ, బుధ, గురువారాలు ప్రతి కంపెనీకీ ఇష్టమైన రోజులే. ఫలితం సిల్క్ బోర్డ్ దగ్గరా, మారతహళ్ళి వంతెన దగ్గరా ట్రాఫిక్‌లో కనిపిస్తుంది, మీటింగ్ రూము దొరకకపోవడంలోనూ కనిపిస్తుంది. ఎంచుకునే వీలుంటే సోమవారం ఒక ఆఫీసు రోజుగా పెట్టుకోండి. మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, యెల్లో లైన్ 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా వచ్చింది. ఆ రెండింటి పక్కన ఆఫీసున్నవాళ్ల లెక్క మారింది. ఓఆర్ఆర్ మీద మెట్రో పనులు నడుస్తున్నంత కాలం అక్కడివాళ్లకు మిగిలిన దారి వేళలు మార్చుకోవడమే: పొద్దున 7:30కి ఆఫీసులో ఉండి, మధ్యాహ్నం 3కి బయటపడి, మిగతా గంటన్నర ఇంట్లో చేసుకోవడం. దీనికి ముందు ఒకటి కనుక్కోవాలి. మీ కంపెనీ బ్యాడ్జ్ స్వైప్‌ను రోజుగా లెక్కిస్తుందా, గంటలుగానా? మొదటి స్వైప్ నుంచి ఆఖరి స్వైప్ దాకా గంటలు లెక్కేసే చోట 3కి బయటపడితే ఆ రోజు హాజరు సగమే పడవచ్చు. ఆ సంగతి అప్రైజల్ నెలలో తెలియడం బాగోదు.

ఆఫీసుకొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని రోజంతా వీడియో కాల్స్‌లో కూర్చోవడం అన్నిటికన్నా దండగ. కొత్తగా చేరినవాళ్లతో కలిసి కూర్చుని కోడ్ రాయడం, బోర్డు మీద గీసే డిజైన్ చర్చలు, చెప్పడానికి ఇబ్బందైన ఫీడ్‌బ్యాక్, ఇవి ఆఫీసు రోజుకి. తలపెట్టి చేసే పని ఇంటి రోజుకి. ఇంటి రోజు గురించి ఒక చిన్న హెచ్చరిక. కరెంటు పోతే నెట్ ఆగకూడదని చాలామంది రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొంటారు. ఫైబర్ కనెక్షన్లలో కొన్ని చోట్ల గోడ మీద ఇంకో పెట్టె ఉంటుంది, దాని పేరు ఓఎన్‌టీ. రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, ఆ పెట్టె ఆరిపోయి ఉంటుంది, నెట్ రాదు. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి, రెండింటినీ మోయగల యూపీఎస్ తీసుకోండి.

"ఇంట్లో ఉంటే ప్రమోషన్ రాదు" అన్న భయం ఉత్తిది కాదు, కానీ అది ఎలా నడిపారన్న దాన్ని బట్టి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ బృందం చైనా ట్రావెల్ కంపెనీ ట్రిప్ డాట్ కామ్‌లో 1,612 మంది మీద చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టినతేదీ బేసి సంఖ్య అయినవాళ్లకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని, మిగతావాళ్లకు ఐదు రోజులూ ఆఫీసు. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. రెండేళ్లపాటు చూసినా అప్రైజల్ రేటింగుల్లో, ప్రమోషన్లలో తేడా కనపడలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క వేరే ఉంది. పనితనం 2.6 శాతం తగ్గుతుందని ప్రయోగానికి ముందు అంచనా వేసిన మేనేజర్లే, అయ్యాక 1 శాతం పెరిగిందన్నారు. ఒకటి మరవకూడదు, అక్కడ ఎవరు ఏ రోజు ఇంట్లో ఉంటారన్నది అందరికీ ముందే తెలుసు. ఎవరికి తోచిన రోజు వాళ్లు రావడం కాదు. మన దగ్గర కనపడనివాళ్లు వెనకపడకుండా ఉండాలంటే శుక్రవారం మధ్యాహ్నం ఐదు లైన్లు రాసి మేనేజర్‌కి పంపే అలవాటు బాగా పనిచేస్తుంది: ఈ వారం ఏది పూర్తయింది, దానివల్ల ఏ అంకె మారింది, ఎవరికి ఏ సాయం చేశాను. ఏడాది చివర్లో అప్రైజల్ రాసుకునేటప్పుడు ఆ యాభై మెయిళ్లే దిక్కు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. ఐటీకి పని గంటల చట్టం వర్తించదని బెంగళూరులో చాలామంది నమ్మకం. అది పొరపాటు. కర్ణాటకలో ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి, అంటే ఉద్యోగ షరతులను రాతలో పెట్టమన్న చట్టం నుంచి. ఆ మినహాయింపును 2024లో ఇంకో ఐదేళ్లు పొడిగించారు, ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలన్న షరతులాంటివి పెట్టి. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పని గంటలు వేరే చట్టం కిందికొస్తాయి: 1961 నాటి కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం. రోజుకి 9 గంటలు, వారానికి 48, ఓవర్‌టైమ్‌తో కలిపి రోజుకి 10, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 50 గంటలు మించకూడదు, దానికి రెట్టింపు జీతం. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. 2024 జులైలో రోజుకి 14 గంటల దాకా అనుమతించే ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ గట్టిగా వ్యతిరేకించింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల సెలవుతో ఆగలేదు. పని స్వభావం ఒప్పుకుంటే, సెలవు తర్వాత కూడా ఇద్దరికీ అంగీకారమైన షరతులతో ఇంటి నుంచి పనిచేయవచ్చంది. 50 మంది, ఆపైన ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. ఇది హెచ్‌ఆర్ దయ కాదు, చట్టంలో ఉన్న మాట.

ఇక అడగడం. మనవాళ్లకు ఇక్కడే గొంతు ఆగిపోతుంది. మేనేజర్ గుంటూరువాడో కర్నూలువాడో అయితే టీ దగ్గర "అన్నా, సాయంత్రాలు కాస్త చూడన్నా" అంటాం, ఆయన "దానిదేముందిరా" అంటాడు, అక్కడితో అయిపోయిందనుకుంటాం. ఆర్నెల్లకు టీములు మార్చి కలుపుతారు, అన్న వేరే టీముకి పోతాడు, కొత్త మేనేజర్‌కి ఆ టీ సంగతి తెలియదు. అందుకే మాట్లాడాక మెయిల్‌లో పెట్టండి, ఇంత చిన్నగానే:

"మంగళ, గురువారాలు రాత్రి 8:30 కాల్స్ నేను చూస్తాను. బుధ, శుక్రవారాలు 11కి మొదలుపెడతాను. రోజూ 3:30 నుంచి 4:30 దాకా అందుబాటులో ఉండను, అత్యవసరమైతే ఫోన్ చేయండి. ఆరు వారాలు చూద్దాం. రివ్యూలు ఎంత ఆలస్యమయ్యాయో, తేదీ తప్పిన పనులెన్నో లెక్కపెడదాం. పెరిగితే మార్చుకుందాం."

ఇందులో కారణం లేదని గమనించారా? పిల్ల బస్సు, అమ్మ మోకాళ్ల డాక్టరు, బ్యాడ్మింటన్, ఏదైనా కావచ్చు. కారణం చెప్పుకుంటూ పోతే ఎవరి కారణం గొప్పదన్న పోటీ మొదలవుతుంది, పెళ్లికానివాళ్లే రాత్రి కాల్స్ అన్నీ మోస్తారు. ఆరు వారాల గడువు ఎందుకంటే, ఎప్పటికీ అంటే ఏ మేనేజరైనా జంకుతాడు. ఆరు వారాలకు మూడు స్ప్రింట్లు పూర్తవుతాయి, చూపించడానికి అంకెలుంటాయి.

సెలవుల్లో మన టీములకు అసలు పరీక్ష సంక్రాంతి. డిసెంబరు ఆఖరులో అమెరికా టీములు ఉండవు, రిలీజులు ఆపేస్తారు, ఎవరు సెలవడిగినా ఇస్తారు. జనవరి రెండో వారానికి వాళ్లు కొత్త ఏడాది ప్లాన్‌లతో దూకుతారు, మనకేమో భోగి, సంక్రాంతి, కనుమ. కంపెనీ సెలవుల పట్టికలో ఉండేది సాధారణంగా ఒక్క రోజే, మిగతా రెండూ సొంత సెలవులోంచి పోవాలి. టీములో ముగ్గురు తెలుగువాళ్లుంటే ముగ్గురూ అవే రోజులు అడుగుతారు. దీన్ని జనవరిలో తేల్చుకోవాలంటే కుదరదు. అక్టోబరు ఆఖరుకల్లా ఎవరు ఏ రోజు లేరో, వాళ్ల పని ఎవరు చూస్తారో ఒక పేజీలో రాసుకోవాలి. ఆన్‌కాల్ తమిళ, హిందీ స్నేహితులకు ఇచ్చి, బదులుగా దీపావళికి మనం తీసుకునే బేరం ఎప్పుడూ నడిచేదే. కాకపోతే తమిళ స్నేహితులకు అదే వారంలో పొంగల్ ఉంటుందని మరవొద్దు.

అక్టోబరు ఎందుకంటే, 2024 నవంబరు 1 నుంచి రైలు ముందస్తు బుకింగ్ 120 రోజుల నుంచి 60కి తగ్గింది. జనవరి 12న శేషాద్రికో ప్రశాంతికో ఎక్కాలంటే నవంబరు 13 పొద్దున 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. మేనేజర్లూ, ఆ పొద్దున 8కి మీటింగ్ పెట్టకండి. పెట్టినా ఎవరి కెమెరా ఆన్‌లో ఉండదు, అందరి స్క్రీన్ మీదా ఐఆర్‌సీటీసీయే ఉంటుంది.